ఆట అయిపోయాక మైకు పట్టినవాడు

మన హాస్టల్ పిల్లల్లో ఆటగాళ్లకు కొదవ లేదు. జోనల్ మీట్‌కు వెళ్లి కప్పు తెచ్చినవారి పేర్లు ప్రతి వార్షికోత్సవ సంచికలోనూ అచ్చవుతాయి. పదేళ్ల తర్వాత ఆ పేర్లు ఏమయ్యాయని మాత్రం ఎవరూ అడగరు. ఆట అంటే స్పోర్ట్స్ కోటా, కోటా అంటే కానిస్టేబుల్ ఉద్యోగం, అది రాకపోతే ఊరికి బస్సు. మన ఆలోచన అంతకు మించి పోవడం లేదు. ఆట తెలిసినవాడు ఆట గురించి మాట్లాడి కూడా గౌరవంగా బతకవచ్చని మనకు తోచదు. అందుకే ఇయాన్ రైట్ అనే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడి సంగతి ఈసారి మిత్రుల ముందు ఉంచుతున్నాము.

జమైకా నుంచి లండన్‌కు వలస వచ్చిన నల్లజాతి కుటుంబంలో 1963లో పుట్టాడు. తండ్రి వదిలి వెళ్లిపోయాడు. మారుతండ్రి కఠినుడు. శనివారం రాత్రి బీబీసీలో ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ అని ఫుట్‌బాల్ కార్యక్రమం వచ్చేది. పిల్లలకు అదంటే ప్రాణం. సరిగ్గా ఆ సమయానికే మారుతండ్రి వాళ్లను గోడవైపు తిరిగి నిలబడమనేవాడు. చప్పుడు వినబడేది, బొమ్మ కనబడేది కాదు. కొట్టడం కన్నా ఇది ఎక్కువని మాకనిపించింది. ఈ సంగతులు రైట్ తానే పెద్దయ్యాక నలుగురి ముందు చెప్పాడు.

బడిలోనూ అంతే. అల్లరివాడని తరగతి బయట నిలబెట్టేవారు. అటుగా వెళ్తున్న సిడ్నీ పిగ్డెన్ అనే మాస్టారు ఆ పిల్లవాణ్ణి చేరదీశారు. చదవడం, రాయడం నేర్పారు. రిజిస్టర్లు తెచ్చే పని, పాలు పంచే పని అప్పగించి, నీవల్ల ఒక ఉపయోగం ఉందని వాడికి తెలిసేలా చేశారు. బంతిని గుడ్డిగా బాదకుండా నిదానంగా గోలులోకి పంపమని చెప్పిందీ ఆయనే. చాలా ఏళ్లకు టీవీవారు ఆ మాస్టారుని రైట్ ఎదుటికి తెచ్చారు. ఆయన చనిపోయారనుకుంటున్న రైట్ చప్పున తలమీది టోపీ తీసేసి ఏడ్చేశాడు. అప్పటికి అతను దేశమంతా ఎరిగిన మనిషి.

ఆటలో మాత్రం ఆలస్యంగానే పైకొచ్చాడు. క్లబ్బుల ట్రయల్స్‌లో తిప్పి పంపారు. కూలిపని చేశాడు. బండి కేసులో జరిమానా కట్టక కొద్దిరోజులు జైల్లో ఉన్నాడు. 1985లో క్రిస్టల్ ప్యాలెస్ క్లబ్బు తీసుకునేనాటికి 22 ఏళ్లు నిండవస్తున్నాయి. ఇంటర్ తప్పగానే జీవితం ముగిసిందనుకునే తమ్ముళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకోవాలి. 1991లో ఆర్సెనల్ క్లబ్బు అతన్ని 25 లక్షల పౌండ్లకు కొనుక్కుంది. అక్కడ 185 గోల్స్ కొట్టాడు. 1997లో క్లబ్బు పాత రికార్డు దాటాడు. 2005లో థియరీ ఆన్రీ దాటేదాకా ఆ రికార్డు అతనిదే. ఇంగ్లండ్ తరఫున 33 మ్యాచ్‌లు ఆడి 2000లో ఆట విరమించాడు.

మాకు ఇంకా ముఖ్యమనిపించినది ఆ తర్వాతి భాగం. ఏ కార్యక్రమాన్ని గోడవైపు తిరిగి విన్నాడో, అదే ‘మ్యాచ్ ఆఫ్ ది డే’లో విశ్లేషకుడిగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అక్కడా దారి సాఫీగా లేదు. తనను నవ్వించే విదూషకుడిలా వాడుకుంటున్నారని బాధపడి 2008లో బీబీసీ నుంచి తప్పుకున్నాడు. ఈ మాట మనకు బాగా అర్థమవుతుంది. మన యాసను సినిమాల్లో నవ్వుల కోసం పెట్టినవారు వార్తలు చదవడానికి పెట్టలేదు కదా! కొన్నేళ్లకు రైట్ తిరిగి వచ్చాడు. మాట తీరు మార్చుకోలేదు, లండన్ పేటల మాటే మాట్లాడాడు. 2022లో మహిళల యూరో పోటీలప్పుడు, ఆడపిల్లలకు బడిలో ఫుట్‌బాల్ ఆడే వీలు లేకపోతే ఈ సంబరమంతా ఎందుకని గట్టిగా అడిగాడు. 2023లో తోటి వ్యాఖ్యాత గారీ లినేకర్‌ను పక్కన పెడితే తానూ రానని ఆ వారం మానుకున్నాడు. 2024లో ఆ కార్యక్రమానికి సెలవు చెప్పాడు.

గోల్స్ కొట్టినందుకే కుర్చీ వచ్చిందని కొందరనవచ్చు. నిజమే. అయితే గోల్స్ కొట్టినవారు వందలమంది ఉన్నారు, వినాలనిపించేలా మాట్లాడేవారు కొద్దిమందే. ఇప్పుడు క్రికెట్, కబడ్డీ పోటీలకు తెలుగులో వ్యాఖ్యానం వస్తోంది. కబడ్డీలో కూతకు పోయినవాడి ఊపిరి ఎక్కడ తెగుతుందో మన పిల్లలకు తెలిసినంతగా పుస్తకం చూసి చెప్పేవారికి తెలియదు. కానీ మన పిల్లవాడి చేతికి మైకు ఇస్తే చెమటలు పడతాయి, ఎవరైనా నవ్వుతారేమోనని. స్టడీ అవర్‌లో నోరు మూసుకోమనడమే తప్ప, లేచి పది నిమిషాలు మాట్లాడమనే అలవాటు మన హాస్టళ్లలో పెట్టలేదు. వారానికి ఒక సాయంత్రం, ఆరోజు ఆడిన ఆట మీద, ఇంటి యాసలోనే మాట్లాడించాలని మా అభిప్రాయం. ఖర్చు ఏమీ లేదు. వార్డెన్ గారు ఒప్పుకుంటే చాలు.

వార్షికోత్సవ పోటీల్లో ఏటా మైకు డిగ్రీ చదివే అన్నల దగ్గరే ఉంటోంది. ఈసారి ఖోఖో ఫైనల్‌కైనా దాన్ని తొమ్మిదో తరగతి తమ్ముళ్లకు ఇమ్మని ఆటల కమిటీవారిని కోరుతున్నాము.