దాతల ఊరు – దాత లేని భాష

గ్రీసు దేశమనగానే మన విద్యార్థులకు ఏథెన్సు నగరము, సోక్రటీసు, ఒలింపిక్ క్రీడలు జ్ఞాపకమునకు వస్తవి. ఆ ఏథెన్సుకే ఒక సాంకేతిక విద్యాలయమును, ఒక పాలరాతి క్రీడాంగణమును సమకూర్చిన కొండ ఊరు ఒకటి ఉన్నది. దాని పేరు మెత్సోవో. ఆ ఊరి కథలో గర్వింపదగినది ఎంత ఉన్నదో ఆలోచింపదగినదీ అంతే ఉన్నది.

వాయవ్య గ్రీసున, ఎపిరస్ ప్రాంతములో, పిండస్ పర్వతముల నడుమ, సముద్రమట్టమునకు 1,100 మీటర్లకు పైని ఎత్తున ఉన్న ఊరు ఇది. జనము రెండు మూడు వేలకు మించరు. రాతి ఇండ్లు కొండవాలున ఒకదానిపై ఒకటి మెట్లవలె కూర్చున్నవి. సాగుభూమి స్వల్పము, పచ్చికబయళ్ళకు, అడవికి, శీతకాలపు మంచుకు మాత్రము కొదువ లేదు. ఊరికి పైని కనుమ పేరు కటారా. గ్రీకు భాషలో ఆ మాటకు శాపమని అర్థము. మంచులో ఆ దారిని దాటినవారికి ఆ పేరెందుకు వచ్చినదో వేరుగా చెప్పనక్కరలేదు. కాని ఎపిరస్ నుండి థెస్సలీ మైదానమునకు పోవు బాట దానిమీదుగానే సాగినది. ఆ శాపమే ఊరికి వరమయినది. కనుమకు కావలివారయిన ఈ గ్రామస్థులకు ఉస్మానియా ప్రభువులు 17వ శతాబ్దమున ప్రత్యేక హక్కులు ఇచ్చినారు.

కాపరులు వేసవిలో మందలను కొండపై మేపి, చలి ముదరగానే థెస్సలీ మైదానమునకు తోలుకొనిపోయేవారు. స్త్రీలు ఉన్ని వడికి, నేసి, ఇల్లు నడిపేవారు. తక్కినవారు కంచరగాడిదలపై సరకు మోసి, వర్తకులై దూరదేశములకు పోయినారు. అట్లు పోయినవారిలో కొందరు ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో కోటీశ్వరులయినారు. తోసిత్సాస్, స్తూర్నారిస్ కుటుంబముల ధనముతో ఏథెన్సులో పాలిటెక్నిక్ భవనములు లేచినవి. ఆ సంస్థ గ్రీకు నామములో నేటికీ 'మెత్సోవియో' అను మాట నిలిచియున్నది. 1815లో ఈ ఊరిలోనే పుట్టిన యోర్గోస్ అవెరోఫ్, 1896 ఒలింపిక్ క్రీడలకై ప్రాచీన క్రీడాంగణమును పాలరాతితో పునరుద్ధరింపజేసినాడు.

రెండవ ప్రపంచయుద్ధము, ఆపై అంతర్యుద్ధము గ్రీకు కొండ ఊళ్ళను ఖాళీ చేసినవి. మెత్సోవో నిలిచినది. 1947లో తోసిత్సాస్ వంశీయుడొకడు, అదే ఊరివాడైన రాజకీయనాయకుడు ఎవాంగెలోస్ అవెరోఫ్ ప్రోద్బలముతో, ఒక ధర్మనిధిని నెలకొల్పినాడు. ఆ నిధి సత్రములు కట్టించి ఊరకుండలేదు. పాడినే జీవనోపాధిగా మలచినది. ఊరి యువకులను ఇటలీకి పంపి చీజు తయారీ నేర్పించినది. పొగబెట్టిన 'మెత్సోవోనే' చీజు ఆ విధముగా దేశమంతట పేరు పొందినది. పాత మేడలలో ఒకటి జానపద కళల ప్రదర్శనశాల అయినది. వలస పోయినవాడు ఊరికి బియ్యము పంపుట వేరు, వరిమడి పంపుట వేరు. మెత్సోవో దాతలు రెండవది చేసినారు.

ఇంతటి ఊరికి ఒక్క లోటు ఉన్నది. ఇక్కడివారు వ్లాఖులు. వీరి ఇంటిభాష గ్రీకు కాదు. లాటిను నుండి పుట్టినది. పాలను గ్రీకులు 'గాల' అంటారు, వ్లాఖులు 'లాప్తె' అంటారు. ఊరిపేరు సయితము ఆ భాషలో 'అమించు'. శతాబ్దములుగా మందలను అదలించినది, బిడ్డలను జోకొట్టినది ఈ భాషయే. గ్రీసు ప్రభుత్వ పాఠశాలల పాఠ్యక్రమమున దానికి చోటు లేదు. దానిని కాపాడవలెనని ఐరోపా మండలి పార్లమెంటరీ సభ 1997లో సిఫారసు చేసినది. అయినను వృద్ధుల నోట నిలిచినంతగా బాలుర నోట అది నిలువలేదు.

దీనికి సమాధానముగా ఒక వాదము ఉన్నది. వ్లాఖులు తమంత తామే గ్రీకు జాతీయతను వరించినారు; గ్రీకు విద్యకు ధనము ధారపోసినారు. 19వ శతాబ్దము ద్వితీయార్ధమున రుమేనియా ఈ భాష పేరుతో బాల్కన్ ప్రాంతమున పాఠశాలలు తెరచి, దానిని రాజకీయములకు ముడిపెట్టినది. నాటి నుండి భాషాభిమానము దేశభక్తికి విరోధమను శంక నాటుకొన్నది. అందుచేత వ్లాఖులలోనే ఎందరో తమ భాషకు బడిలో చోటు అడుగలేదు. వారు కోరనిదానిని పైవారు కోరుట తగునా?

ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అయినను నా అభిప్రాయము వేరు. ఒక దేశమును ప్రేమించుటకు ఇంటి మాటను విడువవలెనను నియమము ఎవరు చేసినారు? క్రీడాంగణము కట్టించి యిచ్చిన ఊరివారి దేశభక్తికి ఇంకను పరీక్షలా? పాడికి చేసినదే భాషకు చేయవచ్చును. అవ్వల నోటి మాటలను పిల్లలచేత వ్రాయించి, వారమునకొక గంట బడిలో వినిపించిన చాలును. దానికి వేరు జెండా అక్కరలేదు. మగ్గమును ప్రదర్శనశాలలో నిలుపవచ్చును. ఆ మగ్గము ముందు కూర్చుండి అవ్వ మనుమరాలికి చెప్పిన మాటను అట్లు నిలుపలేము. అది నోటినుండి నోటికే పోవలెను. అలెగ్జాండ్రియా ధనము సాధించిపెట్టలేని ఈ పని ఒక పల్లెటూరి ఉపాధ్యాయునికి సాధ్యము.