తిరిగే భాగం

ఏ యంత్రంలోనైనా తిరిగే భాగమే ముందు అరుగుతుంది. ఈ సంగతి తెలియడానికి ఇంజనీరింగు చదవనక్కరలేదు. నూతి మీది గిలక అరిగితే గిలక మార్చుకుంటాం గాని నుయ్యి పూడ్చుకోం. తిరగలి నున్నబడితే కక్కు కొట్టించుకుంటాం గాని వీధిలో పారేయం. కుట్టుమిషను బెల్టు తెగిందని మిషనును పాత ఇనుము వాడికి తూకానికి వేసిన ఇల్లాలిని నేనింతవరకు చూడలేదు. ఇంత తెలిసినవాళ్ళమూ ఎలక్ట్రానిక్ వస్తువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది పోయిందండీ" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. అది పోయిందా, అందులో ఒక్క భాగం పోయిందా అని విచారించే ఓపిక ఉండదు. ఈ వారం అటువంటి విచారణ ఒకటి చెబుతాను.

2024 వేసవిలో నేను అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని ఎడిసన్ అనే ఊళ్ళో, మా మేనల్లుడి ఇంట్లో ఉన్నాను. వాడు 1999లో అక్కడికి వెళ్ళాడు. 2000 సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లు తేదీలు తప్పి, లెక్కలన్నీ తారుమారవుతాయని లోకమంతా హడలిపోయిన రోజులవి. ఆ హడలు పుణ్యమా అని మన కుర్రాళ్ళు ఎందరో విమానాలెక్కారు. వీడూ, మరి ముగ్గురు స్నేహితులూ ఒక అపార్టుమెంటులో కాపురం పెట్టి, తలా యాభై డాలర్లు వేసుకుని, మంచం కంటే ముందు ఒక వీడియో ఆటల యంత్రం కొన్నారట. దాని పేరు డ్రీమ్‌కాస్ట్. సెగా అనే జపాను సంస్థ దాన్ని 1998 నవంబరు 27న స్వదేశంలోనూ, 1999 సెప్టెంబరు 9న అమెరికాలోనూ విడుదల చేసింది. అమెరికాలో వెల 199 డాలర్లు.

ఇరవై అయిదేళ్ళకు వాడి కూతురు ఇంటి అడుగుభాగంలో ఉన్న గదిలో దాన్ని కనిపెట్టి, దుమ్ము దులిపి, టీవీకి తగిలించింది. యంత్రం వెలిగింది. వెలుగుతూనే "ఇవాళ తేదీ ఎంత?" అని అడిగింది. లోపల గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ ఎప్పుడో నీరసించిపోయింది మరి. తేదీల భయం పుణ్యాన అమెరికా వచ్చినవాడి ఇంట్లో తేదీ మరిచిపోయిన యంత్రం! నాకు నవ్వు వచ్చింది. తేదీ చెప్పాక యంత్రం డిస్కును వెతకసాగింది. కర్రుమంది, ఆగింది, మళ్ళీ కర్రుమంది. చివరికి డిస్కు సంగతే ఎత్తకుండా మొదటి పట్టిక చూపించి ఊరుకుంది.

"పోయింది" అన్నాడు మా వాడు.

"పోతే పోనీండి. ఆ ఆటలు ఇప్పుడు వేరే వాటిలోనూ దొరుకుతున్నాయిగా" అన్నది మా కోడలు. ఆ అమ్మాయి మాటలో తప్పేమీ లేదు. కాని మా వాడి ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నేను నెమ్మదిగా అడిగితే అసలు సంగతి చెప్పాడు.

ఆ నలుగురిలో ఒకడు 2001లో ఉద్యోగం పోయి హైదరాబాదు తిరిగి వచ్చేశాడు. 2021లో కోవిడ్ అతన్ని తీసుకుపోయింది. క్రేజీ టాక్సీ అనే కారు ఆటలో అతన్ని మించినవాడు ఆ ఇంట్లో లేడట. గెలిచినవాడు పేరుకు బదులు మూడు అక్షరాలు వేసుకునే పట్టిక ఒకటి ఉంటుంది. అందులో మొదటి వరుస అతనిదే. ఆ పట్టిక ఉండేది డిస్కులో కాదు. చేతిలో పట్టుకునే మీటల పెట్టెలో దూర్చే చిన్న జ్ఞాపకపు బిళ్ళలో. బిళ్ళ భద్రంగానే ఉంది. కాని ఆట తెరుచుకుంటేనే గాని పట్టిక కనపడదు. ఆట తెరుచుకోవాలంటే డిస్కును చదివే డ్రైవు పని చెయ్యాలి. కొత్త యంత్రంలో ఆట దొరికినా అతని అక్షరాలు దొరకవు.

"అయితే పద, విప్పుదాం" అన్నాను.

విప్పబోయే ముందు, ఆ డ్రైవు ఎందుకు అరుగుతుందో రెండు ముక్కల్లో చెప్పాలి. మామూలు సీడీలో సుమారు 700 మెగాబైట్లు పడుతుంది. డ్రీమ్‌కాస్ట్ కోసం యమహా సంస్థతో కలిసి చేయించిన డిస్కులో సుమారు ఒక గిగాబైటు పడుతుంది. డిస్కు సైజు ఒకటే. బయటి భాగంలో గీతలు మరింత దగ్గరగా సర్దారు, అంతే. దాన్ని చదవాలంటే మోటారు డిస్కును వేగంగా తిప్పాలి. లేసరు కన్ను పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరగాలి. ఆ కన్నులోని లెన్సు వెంట్రుకవాసి తప్పకుండా గీత మీద నిలవాలి. ప్రధాన బోర్డు మీది చిప్పులు కదలకుండా కూర్చుని లెక్కలు కడుతూ ఉంటే, ఒళ్ళు వంచి పరుగెత్తేది ఈ డ్రైవు ఒక్కటే. పాతికేళ్ళు పరుగెత్తినవాడికి మోకాళ్ళు నొప్పులంటే చేసినవాళ్ళ తప్పు కాదు గదా.

పోనీ కొత్త డ్రైవు కొందామా అంటే ఆ దారి మూసుకుపోయింది. సోనీ వారి ప్లేస్టేషన్ 2 పోటీకి తాళలేక, సెగా 2001 జనవరి 31న ఈ యంత్రం తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించింది. ఆపైన ఇంటి ఆటల యంత్రాలు చేయడమే మానుకుంది. ప్రపంచం మొత్తం మీద అమ్ముడైన డ్రీమ్‌కాస్టులు 90 లక్షల పైచిలుకు. ఈనాడు ఎక్కడ ఏ డ్రైవు దొరికినా అది ఆ ఈడుదే.

ముందు గోడ ప్లగ్గు పీకి, కొంతసేపు అలాగే ఉంచాం. ఇది చాదస్తం కాదు. ఈ యంత్రంలో ఇంటి కరెంటును తీసుకునే బోర్డు లోపలే, మూత తీయగానే చేతికి తగిలేటట్టుగా ఉంటుంది. ప్లగ్గు తీసిన తర్వాత కూడా దాని కెపాసిటర్లలో కరెంటు కొంత నిలవ ఉంటుంది. పిల్లను ఆ పక్కకు చెయ్యి పెట్టవద్దని మరీ మరీ చెప్పాం. అడుగున మరలు నాలుగు. మూడే కనపడతాయి. టెలిఫోను తీగకు తగిలించే మోడెం పక్కన ఉంటుంది. దాన్ని ఊడదీస్తే నాలుగోది బయటపడుతుంది.

మొదటి వైద్యం ఎప్పుడూ చవకది, అపాయం లేనిది కావాలి. దూదిపుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలులో తడిపి లెన్సును మెత్తగా తుడిచాం. పవరు బోర్డును ప్రధాన బోర్డుతో కలిపే పిన్నులు చిలుము పట్టినా యంత్రం దానంతటదే ఆగి మళ్ళీ మొదలవుతూ ఉంటుంది. ఆ నింద అన్యాయంగా డ్రైవు మీద పడుతుంది. అందుకని వాటినీ తుడిచాం. రెండు డిస్కులు తెరుచుకున్నాయి. పిల్ల చప్పట్లు కొట్టింది. మర్నాటికి అవీ ఆగిపోయాయి. అప్పుడు తేలింది, జబ్బు దుమ్ముది కాదు, కంటిది.

ఇక మిగిలిన దారులు మూడు. డ్రైవు మీద పొటెన్షియోమీటరు అని ఒక చిన్న తిప్పుడు బిళ్ళ ఉంది. దాన్ని కాస్త తిప్పితే లేసరు మరింత బలంగా వెలుగుతుంది. చాలామంది ఇది చేసి సంతోషిస్తారు. కాని అలసిన ఎద్దును ముల్లుకర్రతో పొడిచినట్టే అది. నాలుగడుగులు వేస్తుంది, ఆపైన బొత్తిగా కూలబడుతుంది. రెండోది, మరొక పాత యంత్రం కొని దాని డ్రైవు దీనికి పెట్టడం. అంటే బాగున్నదాన్ని ఒకదాన్ని చంపి దీన్ని బతికించడం. పైగా ఆ వచ్చే కన్నుకూ పాతికేళ్ళే.

మూడోది, డ్రైవును పూర్తిగా తీసేసి దాని చోట ఒక కార్డు పెట్టడం. ఇటువంటివి ఔత్సాహికులు తయారు చేశారు. జీడీఈఎంయూ అనేది వాటిలో పేరు మోసినది. అందులో ఎస్‌డీ కార్డు దూరుస్తారు. డిస్కులోని సమాచారమంతా ఆ కార్డు మీద ఉంటుంది. ప్రధాన బోర్డు "ఫలానా చోట ఏముంది?" అని అడిగితే, పాత డ్రైవు ఎలా జవాబు చెప్పేదో అచ్చంగా అలాగే ఇది జవాబు చెబుతుంది. అడిగినవాడికి మనిషి మారాడని తెలియదు. తిరిగేదేమీ లేదు గనక అరిగేదీ లేదు. అయితే అన్ని డ్రీమ్‌కాస్టులకూ ఇది కుదరదు. యంత్రం అడుగున అంటించిన కాగితం మీద చిన్న సున్న చుట్టి ఒక అంకె ఉంటుంది. అది 1 అయితే పనికివస్తుంది, 0 అయితే రాదు. మాది 1.

నేనిక్కడ ఒక షరతు పెట్టాను. "ఒరేయ్, నువ్వు డబ్బిచ్చి కొన్న డిస్కులు ఏవో, ఆ ఆటలే కార్డు మీద ఉండాలి. కార్డులో చోటుంది గదా అని ఊరి ఆటలన్నీ తెచ్చి పోయవద్దు" అన్నాను.

"మావయ్యా, ఆ మాట నువ్వు చెప్పాలా?" అన్నాడు గాని, ఆ క్షణం దాకా వాడి మనసులో ఆ ఊహ లేదని నేననుకోను. మామూలు కంప్యూటరు డ్రైవు ఈ డిస్కుల బయటి భాగాన్ని చదవలేదు. వాడి స్నేహితుడొకడి దగ్గర చక్కగా పనిచేసే డ్రీమ్‌కాస్ట్ ఉంది. మా డిస్కులు పట్టుకుపోయి, ఆ యంత్రం చేత చదివించి, నకళ్ళు తీసి తెచ్చాడు. చదవగల కళ్ళు లోకంలో ఇంకా కొన్ని మిగిలి ఉండగానే చేసుకోవలసిన పని ఇది. పదేళ్ళు ఆగితే డిస్కులుంటాయి గాని చదివేవాళ్ళు ఉండకపోవచ్చు.

బిగించడం పావుగంట పని. డ్రైవుకు తీగలేమీ లేవు. మరలు తీసి నిట్టనిలువుగా పైకెత్తితే అడుగు కనెక్టరు నుంచి ఊడి వస్తుంది. కార్డును అదే కనెక్టరులో కూర్చోబెట్టాలి. ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పాత డ్రైవుకు 12 వోల్టుల కరెంటు కావాలి; కార్డుకు అక్కరలేదు. వంట యథాప్రకారం సాగుతూ తినేవాడు మాత్రం ఊరెళ్ళినట్టు, వాడకం లేక పవరు బోర్డు వేడెక్కుతుంది. ఆ భారం తీసుకోవడానికి చాలామంది ఒక చిన్న రెసిస్టరు జోడిస్తారు. మా వాడూ జోడించాడు.

ఆన్ చేయగానే జ్ఞాపకపు బిళ్ళ తన బ్యాటరీలు అయిపోయాయని కీచుమని అరిచింది. కర్రుకర్రు లేదు, వెతుకులాట లేదు, ఆట తెరుచుకుంది. పట్టికలో మొదటి వరుసన మూడు అక్షరాలు. మా వాడు కాసేపు మాట్లాడలేదు. పిల్ల వాటిని పైకి చదివి, "ఈ అంకుల్‌ని నేను కొట్టేస్తా, చూడు తాతయ్యా!" అన్నది. నేను మా వాడి వంక చూశాను. ఆ పిల్ల నిజంగానే మించిపోతే ఆ వరుస కిందికి దిగిపోతుంది.

"ఆడనీ మావయ్యా. వాడుంటే వాడూ అదే అనేవాడు" అన్నాడు. కాని ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి పిల్లకు వేరే బిళ్ళ ఒకటి కొని తెచ్చాడు. నేనేమీ అడగలేదు.

పోయిందేమీ లేదా అంటే ఉంది. ఆ కర్రుకర్రు పోయింది. డిస్కును మూతలో పెట్టి, చప్పుడు వింటూ, నలుగురూ తెర వైపు మెడలు చాచి కూర్చున్న నిరీక్షణ పోయింది. అరుగుదల లేని దానికి అలికిడీ లేదు. బాగుచేయడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు నిలపడం కాదు. ఏది వదులుకుంటే ఏది నిలుస్తుందో చూసుకుని, తెలిసి వదులుకోవడం. వదులుకున్నదాన్ని మళ్ళీ తెచ్చుకునే దారి మూయకుండా ఉంచడం. ఈ పనిలో మేము ఒక్క తీగ కోయలేదు, ప్లాస్టిక్కు చెక్కలేదు. రేపెవరైనా లేసరు కన్నులు కొత్తగా తయారు చేస్తే, కార్డు పీకి పాత డ్రైవును దాని చోట కూర్చోబెట్టవచ్చు.

మా కోడలు ఇల్లు సర్దుతూ, "మావయ్యగారూ, ఈ పాడైపోయిన ముక్కను చెత్తలో వేసేయనా?" అని అడిగింది. వద్దమ్మా అని చెప్పి డ్రైవును గుడ్డలో చుట్టి చిన్న అట్టపెట్టెలో పెట్టాను. నేను రేపు ఇక్కడ ఉండను గనక, పెట్టె మీద పెద్ద అక్షరాలతో రాశాను: "పని చేయదు. పారేయవద్దు."