రాణిగారి కడగొట్టు కూతురు

విక్టోరియా రాణిని మాతృమూర్తియని మన కవులును స్తుతించిరి. ఆ మాతృత్వ మెట్టిదో ఆమె కడగొట్టు కూతురు బియాట్రిసు నడిగి యుండవలసినది.

బాల్యమున రాణియే తన తల్లిచేతిలో బందీ. తల్లి గదిలోనే పరుండవలెను. ఒకరు చేయి పట్టుకొననిదే మెట్లు దిగరాదు. 1837లో రాజ్యము లభించిననాడే తన మంచమును ఆ గదినుండి తీయించెను. 1839లో తన్ను పెండ్లాడుమని ఆల్బర్టును తానే యడిగెను. చెఱయు స్వేచ్ఛయు ఇంతగా నెఱిగిన స్త్రీ తన కూతునకు చేసినదేమి?

1861లో భర్త మరణింపగా, నాలుగేండ్ల బియాట్రిసును తన దుఃఖమునకు మందుగా నెంచుకొనెను. పిల్ల పెరిగి తల్లికి కార్యదర్శి యయ్యెను. ఆమె యెదుట పెండ్లిమాట యెత్తరాదని కట్టడి! 1884లో హెన్రీ బాటెన్‌బర్గును వరించితినని కూతురు తెలుపగా, తల్లి నెలలతరబడి ఆమెతో మాటాడక, ఒకే యింటనుండియు చీటీలు వ్రాసి పంపెను. మహాసామ్రాజ్ఞి యలుక యిట్టిది. మఱుసటియేట పెండ్లి జరిగెను గాని, దంపతులు తనయొద్దనే కాపురముండవలెనని షరతు. మన భాషలో దీనిపేరు ఇల్లరికము.

ఇదియు ప్రేమయే గదా యందురు. ప్రేమ లేదని నేననను. బిడ్డ బ్రతుకును తన ముదిమికి ఊతకఱ్ఱగా చేసికొను ప్రేమను పూజింపుమనుటకే నా యాక్షేపణ. "నన్ను విడిచి పోదువా?" యని కంటనీరు పెట్టి కూతుల చదువు మాన్పించు తల్లులు మన యిండ్లలోను గలరు. వారికి కిరీటము లేదు గాని, శాసన మదియే.

1901లో రాణి మరణించెను. తన దినచర్యలను సవరించి యెత్తివ్రాయు పనిని కూతునకే అప్పగించి మఱీ పోయెను. బియాట్రిసు ఏండ్లతరబడి వ్రాసి 111 సంపుటములు నింపి, మూలములను కాల్చివేసెను. దానినిగూడ మాతృభక్తి యనియే మెచ్చుకొన్నవారున్నారు.