సర్కారు కాగితమునకు ఎవరికి సొమ్ము చెల్లించుచున్నాము?

సంఘ సభ్యులగు రైతు సోదరులకు మేము ఇంతవరకు పత్తిలో గులాబిరంగు కాయతొలుచు పురుగును గూర్చియు, మిరపలో నల్ల తామర పురుగును గూర్చియు వ్రాయుచు వచ్చితిమి. ఈ మాసమున చేనిలోని పురుగును విడిచి చేతిలోని ఫోనును గూర్చి వ్రాయవలసి వచ్చినది. ఇందుకు కారణము మా ఇంటనే జరిగినది గనుక, ముందు మా తప్పు చెప్పుకొని పిదప ఇతరుల మాట చెప్పెదము.

మా ఇంటివారును, పొరుగుననున్న మరి నలుగురు స్త్రీలును కలసి మిరపకాయలు కొని, తొడిమలు తీయించి, కారము పట్టించి, పొట్లములుగా అమ్ముట మొదలుపెట్టిరి. పని కొంత సాగినంతట బ్యాంకు అప్పు కావలసి వచ్చెను. బ్యాంకువారు 'ఉద్యం' పత్రము తెమ్మనిరి. చిన్న పరిశ్రమలను నమోదుచేయు ఈ పద్ధతి 2020 జూలై 1వ తేదీ నుండి అమలులో నున్నది. ఆ రాత్రి భోజనమైన పిదప మేము ఫోను తీసి గూగులులో ఆ పేరు కొట్టి, మొదట కనబడినదానిని నొక్కితిమి. తెరపై మూడు రంగుల జెండా, దాని ప్రక్కన ఒక చక్రము, క్రింద దరఖాస్తు. పేరు, ఆధారు సంఖ్య, ఖాతా సంఖ్య అడిగిరి, ఇచ్చితిమి. మరి కొంతసేపటికి ఎవరో ఫోను చేసి ఓటీపీ అడిగిరి; అదియు చెప్పితిమి. కడపట 1,999 రూపాయలు చెల్లింపుమనగా చెల్లించితిమి. సర్కారు పనికి ఈ మాత్రము రుసుము ఉండకపోవునా యని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి.

మరునాడు పత్రము వచ్చెను. అది దొంగ పత్రము కాదు, నిజమైనదే. దానిని తీసికొనిపోయి బ్యాంకులో ఇచ్చి, ఖర్చుమాట ప్రస్తావించగా అక్కడి ఉద్యోగి నవ్వి, "ఉద్యం నమోదుకు పైసా కూడా లేదు గదండీ, మీరు ఎవరికి కట్టారు?" అని అడిగెను. మాకు మాట రాలేదు.

ఇంటికి వచ్చి ఆ పుటను మరల తెరచి చూచితిమి. పైన, దాని పేరునకు ముందే, అది సొమ్మిచ్చి వేయించుకొన్న ప్రకటన యని తెలుపు చిన్న మాట యున్నది. అడుగున, చీమతలకాయలంత యక్షరములలో, ఇది ప్రభుత్వ వెబ్‌సైటు కాదనియు, తాము ప్రైవేటు సలహాదారులమనియు ఇంగ్లీషులో వ్రాసియున్నది. మేము మిషను పాఠశాలలో చదువుకొను దినములలో మా ఉపాధ్యాయులు చేవ్రాలు చేయుటకు ముందు కాగితమును అడుగువరకు చదువుడని చెప్పి చెప్పి అలసిపోయెడివారు. పత్తి విత్తనపు సంచిపై లేబులు చదువుడని, లాటు సంఖ్య చూడుడని, బిల్లు లేనిదే కొనవద్దని ఇరువది సంవత్సరములుగా రైతులకు చెప్పుచున్నవారమును మేమే.

ఇప్పుడు విచారింపవలసిన దేమనగా, మేము మోసపోతిమా, లేక మా అజాగ్రత్తకు తగిన మూల్యము చెల్లించితిమా? కోరిన పత్రము మాకు చేరినది. 'ప్రభుత్వము కాము' అని వారు వ్రాసియే యుంచిరి. సొమ్ము మేమే పంపితిమి. కాబట్టి తప్పంతయు కొనువానిదే యని కొందరు వాదింతురు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. అట్లని మా తప్పు లేదనియు చెప్పజాలము.

పూర్వము తాలూకా కచ్చేరి యెదుట చెట్టు క్రింద అర్జీలు వ్రాయువారు కూర్చుండెడివారు. అర్జీకి ఇంతయని కూలి పుచ్చుకొనెడివారు. అది నీతిగల జీవనమే. వ్రాత రానివానికి వ్రాసిపెట్టి కూలి తీసికొనుట నేరము కాదు. అయితే ఆ అర్జీల గుమాస్తా తాను తహశీల్దారునని ఎన్నడును చెప్పలేదు. కచ్చేరి గుమ్మమువలె తన గుడిసెకు గుమ్మము కట్టుకొనలేదు. ఈనాటి వెబ్‌సైట్లలో కొన్ని చేయుచున్నది సరిగా ఇదియే. సాయమునకు కూలి అడుగుటలేదు, సర్కారు రుసుము వలె అడుగుచున్నవి. మన చేలలో లింగాకర్షక బుట్టలు కట్టుదుము గదా. మగ రెక్కలపురుగు ఆడుపురుగు వాసన యని నమ్మియే వచ్చి అందులో పడును. బుట్ట అడుగున 'ఇది ఎర' అని వ్రాసిపెట్టినంత మాత్రమున ఎర కాకపోవునా?

చట్టమును ఈ విషయమున గ్రుడ్డిది కాదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద కేంద్ర ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30వ తేదీన, తెరపై కొనువానిని మభ్యపెట్టు పద్ధతులు పదమూడింటిని నిషేధించుచు మార్గదర్శకములు వెలువరించినది. ముఖ్యమైన మాటను కనబడకుండ దాచుట, ధరను కొంచెము కొంచెముగా చివరకు బయటపెట్టుట అందులోనివే. ఇది మన పల్లెల అమాయకత్వము వలన మాత్రమే జరుగుచున్నదనియు అనుకొనరాదు. చదువరుల దేశమని పేరుపొందిన ఇంగ్లండులో పాసుపోర్టులకు, డ్రైవింగు లైసెన్సులకు సర్కారు పుటలను పోలిన పుటలు పెట్టి కోట్ల పౌనులు గడించిన ముఠాకు 2018లో జైలుశిక్షలు పడినవి. మన విదేశాంగ శాఖయు పాసుపోర్టు పేర నడచు బూటకపు చిరునామాలను పేరుపేరున ప్రకటించి ప్రజలను హెచ్చరించినది. సామాన్య పద్ధతిలో 36 పుటల పాసుపోర్టునకు పెద్దవారికి సర్కారు రుసుము 1,500 రూపాయలు. గల్ఫునకో అమెరికాకో బిడ్డలను పంపు మన గ్రామస్థులలో ఎందరు ఇంతకు రెట్టింపు కట్టియుందురో!

ఇక మనవంతు. చిరునామా చదువుట నేర్చుకొనవలెను. మన పేర్లలో ఇంటిపేరు ముందుండును. ఈ చిరునామాలలో ఇంటిపేరు చివర నుండును. మొదటి అడ్డగీతకు ముందు, కట్టకడపట, 'డాట్ జీఓవీ డాట్ ఐఎన్' అని యున్నచో అది సర్కారువారి ఇల్లు. ఆ మాటలే నడుమ నెక్కడనో ఉండి చివర మరియొక మాట యున్నచో ఇంటిపేరు మారినట్లే. మీభూమి, పి.ఎం. కిసాన్, ఉద్యం, పాసుపోర్టు, ఈ నాలుగింటికిని ఈ గుర్తు సరిపోవును. అయితే పాన్ కార్డు పనిని ప్రభుత్వమే రెండు సంస్థలకు అప్పగించినది. వాని ఇంటిపేరు వేరు. రైతునకు ఒక గుర్తు నేర్పి, దానికి తానే మినహాయింపులు కల్పించుట సర్కారునకు తగదని మా అభిప్రాయము. ఆధారు కలవానికి ఆదాయపు పన్ను శాఖవారి పుటలోనే పాన్ ఉచితముగా దొరకునని 2020 నుండి ఉన్న సౌకర్యము మన గ్రామములలో ఎందరికి తెలియును?

అడంగలు, 1-బి చూచుకొనుటకు మీభూమిలో రుసుము లేదు. కపాస్ కిసాన్ అను ఆప్ లో నమోదైన రైతుల పత్తినే కొందుమని భారత పత్తి సంస్థవారు 2025-26 సీజనులో నియమము పెట్టిరి. ఆ సీజనులో పొడవు పింజ క్వింటాలు మద్దతు ధర 8,110 రూపాయలుండగా, ఆ నమోదు చేసిపెట్టెదమని ఎవడు ఎంత అడిగినను ఇచ్చుటకు రైతు సిద్ధపడును. ఇట్టి అక్కర యున్నచోటనే ఎరలు వెలయును.

మా నష్టము రెండువేలకు ఒక రూపాయి తక్కువ. అంతకన్న మమ్ము బాధించునది, మా ఇంటివారి ఆధారు సంఖ్యయు, ఖాతా సంఖ్యయు ఎరుగనివారి చేతిలో నుండుట. మా పొరుగు గ్రామమున ఒక కౌలురైతు వాట్సాప్ లో పి.ఎం. కిసాన్ పేర వచ్చిన ఫైలును నొక్కగా, మిరపకు ఎరువుల కొరకు దాచుకొన్న సొమ్ము ఖాతానుండి మాయమైనది. ఆయనకు అక్షరము రాదు. ఆయనను అజాగ్రత్తపరుడవని అనుటకు మాకు నోరాడదు. చదువు వచ్చిన మాకును, ఆయనకును బాధ్యత సమానము కానేరదు. ఆ ఫోను కొనియిచ్చిన కుమారునికి, ఆ ఊరి సంఘమునకు, మావంటి ఉద్యోగులకు అందులో భాగము కలదు. ఆయన మూడవ నాటివరకు సిగ్గుపడి ఎవరికిని చెప్పలేదు. సొమ్ము పోయిన గడియలోనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో, ఆ సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయుటకు అవకాశముండును. మావంటి వ్యవహారమైనచో 1915 వినియోగదారుల సంఖ్యకు చెప్పవచ్చును. అయిదు లక్షల లోపు కొన్నవానికి జిల్లా వినియోగదారుల కమిషనులో ఫిర్యాదునకు రుసుము లేదు.

ఫోను వ్యవహారము చేతకానివారు ఎక్కడికి పోవలెను? సాయము అక్కరలేదని మేము చెప్పము. ముఖము తెలిసినవాని సాయము, రసీదు ఇచ్చువాని సాయము కావలెనని చెప్పుదుము. గ్రామ సచివాలయము కలదు, మీసేవ కేంద్రము కలదు. 2025 జనవరి 30 నుండి రాష్ట్ర ప్రభుత్వము 'మన మిత్ర' పేర వాట్సాప్ లోనే పెక్కు సేవలు చేయుచున్నది. దాని సంఖ్య 9552300009. అన్నిటికన్న మన సంఘమే ఈ పని చేయరాదా? ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు కామన్ సర్వీసు కేంద్రముల పని చేయుటకు 2023 ఫిబ్రవరిలో కేంద్ర సహకార శాఖ ఒడంబడిక చేసికొన్నది. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేలు నేతపనివారు కల్తీలేని పిండిని సరియైన తూకమునకు అమ్ముకొనుటకే తమ సహకారపు అంగడి తెరచిరి. కాగితములలో కల్తీ వచ్చిన కాలమున మన అంగడి ఎరువుల బస్తాలతోనే ఆగిపోనక్కరలేదు.

రాబోవు సర్వసభ్య సమావేశములో మేమీ ప్రతిపాదన తెచ్చుచున్నాము. వారమునకు రెండుదినములు సంఘ కార్యాలయమున చదువుకొన్న యువకు నొకనిని కూర్చుండబెట్టవలెను. ఏ కాగితమునకు సర్కారు రుసుమెంత, సంఘము పుచ్చుకొను కూలియెంత అనునది వేరువేరుగా తెలుగులో పెద్ద అక్షరములతో బోర్డుపై వ్రాయవలెను. ఉద్యం వరుసలో సర్కారు రుసుమునకు ఎదురుగా సున్న ఉండవలెను. మేము కట్టిన 1,999 రూపాయల రసీదు నకలును, ఆధారు సంఖ్య కొట్టివేసి, ఆ బోర్డు ప్రక్కన అంటించుటకు కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము.