క్యాట్‌ఫిష్ పిల్లల పెంపకంలో నీటి ఆమ్లత్వం: సలహాలను సవరించవలసిన తరుణం

గోదావరి, కృష్ణా డెల్టాలలోని చేపల చెరువుల నీరు సాధారణంగా క్షార స్వభావం గలది. అందువలన విస్తరణ సలహాలలో ఉదజని సూచిక పెరుగుదలకు లభించే ప్రాధాన్యం తగ్గుదలకు లభించడం లేదు. చెరువుల విషయంలో దీనివల్ల పెద్ద నష్టం లేదు. అయితే 2020లో ప్రారంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన బయోఫ్లాక్ ట్యాంకులను, నీటిని శుద్ధి చేసి తిరిగి వాడే పద్ధతిని ప్రోత్సహిస్తున్నది. పంగాసియస్, మాగూర్ వంటి క్యాట్‌ఫిష్ పిల్లలను ఈ ట్యాంకులలో పెంచేవారికి చెరువు సలహాలనే ఇవ్వడం సరికాదు.

క్యాట్‌ఫిష్ మొండి చేప అనే అభిప్రాయం బలంగా నాటుకున్నది. గాలిని పీల్చగలిగినందున ఇవి ఆక్సిజన్ కొరతను తట్టుకొనే మాట నిజమే. కాని శరీరంలోని లవణాల సమతౌల్యాన్ని కాపాడేవి ప్రధానంగా మొప్పలే. ఆమ్ల జలంలో మొప్పలు సోడియంను గ్రహించడం మందగించి, సోడియం, క్లోరైడ్ అయాన్లు శరీరం నుండి బయటికి పోతాయి. నీటిలో కాల్షియం తక్కువైతే ఈ నష్టం తీవ్రమవుతుంది. బరువుతో పోల్చినపుడు పిల్లల శరీర ఉపరితలం ఎక్కువ కనుక వాటిపై దెబ్బ త్వరగా పడుతుంది. పైగా మాగూర్ పిల్లలలో గాలిని పీల్చే అవయవం గుడ్డు నుండి వెలువడిన వెంటనే పనిచేయదు. పెద్ద చేప మొండితనాన్ని పిల్లకు ఆపాదించడం పొరపాటు.

ట్యాంకులో ఆమ్లత్వం లోపలి నుండే పుడుతుంది. 1 గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేటుగా మారేటపుడు కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 7 గ్రాముల క్షారత్వం, అనగా రైతులు ఆల్కలినిటీ అని పిలిచేది, ఖర్చవుతుంది. చేపలు, బ్యాక్టీరియా విడిచే కార్బన్ డయాక్సైడ్ దీనికి తోడవుతుంది. క్షారత్వం నిల్వ ఉన్నంతవరకు ఉదజని సూచిక పెద్దగా కదలదు. నిల్వ తరిగిన తరువాత వేగంగా పడిపోతుంది. సూచిక 1 అంకె తగ్గితే ఆమ్లత్వం 10 రెట్లు పెరిగినట్లే.

అసలు ప్రమాదం దిద్దుబాటులో పొంచి ఉన్నది. ఆమ్ల జలంలో నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా మందగించి అమ్మోనియా పేరుకుపోతుంది. అయితే అది ఎక్కువగా హాని తక్కువైన అయాన్ రూపంలో ఉంటుంది. 28 డిగ్రీల సెల్సియస్ వద్ద విషపూరిత రూపం వాటా సూచిక 7 ఉన్నపుడు 1 శాతం లోపే. 9 వద్ద సుమారు 40 శాతం. ఆందోళనతో ఒకేసారి చల్లార్చిన సున్నం వేస్తే, అంతవరకు బ్రతికిన పిల్లలు ఆ మందుతోనే మరణించవచ్చు. అపుడు నింద విత్తనం నాణ్యతపై పడుతుంది.

కావున ఉదజని సూచికను మాత్రమే చూడమనే సలహా చాలదు. క్షారత్వాన్ని వారానికి రెండుసార్లు కొలిచి, లీటరుకు 100 మిల్లీగ్రాములకు తగ్గకముందే వంటసోడాను కొద్దికొద్దిగా కలపాలి. సూచిక ఇప్పటికే పడిపోయి ఉంటే ముందుగా అమ్మోనియాను పరీక్షించి, మేత తగ్గించి, కొంత నీరు మార్చిన తరువాతనే నెమ్మదిగా సరిచేయాలి. క్షారత్వ పరీక్ష సామాన్య రైతుకు భారమన్న వాదన నిలవదు. ఒక ట్యాంకు పిల్లల విలువతో పోల్చితే కిట్టు ఖర్చు స్వల్పం. విద్యార్థుల పరిశోధనలలో సైతం సూచికతో పాటు క్షారత్వం, కాల్షియం, పిల్లల వయస్సు నమోదు కావాలి. అవి లేని అంకె రైతు ట్యాంకు వద్ద అక్కరకు రాదు.