మాటకు డేటా ముడి

2 జీబీ డేటా అయిపోయిన ఫోన్‌ను ఒకసారి గమనించండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. యూట్యూబ్ అసలు మొదలే కాదు. అదే ఫోన్ నుంచి ఇంటికి కాల్ చేస్తే మాత్రం గంటసేపు మాట్లాడినా లైను తెగదు. 4జీలో మన మాట కూడా డేటా ప్యాకెట్లుగానే, అదే టవర్ మీదుగా వెళుతుంది. అయినా ఏది మాటో ఏది వీడియోనో నెట్‌వర్క్‌కు తెలుసు. దేన్ని ఆపాలో, దేన్ని పోనివ్వాలో విడివిడిగా తేల్చుకుంటుంది. ఇంత లెక్క తెలిసిన వ్యవస్థ రీఛార్జి దగ్గరికొచ్చేసరికి ‘అన్నీ కలిపి కొనాల్సిందే’ అంటోంది. సాంకేతికంగా ఆ అవసరమేమీ లేదు. అది కేవలం వ్యాపార నిర్ణయం.

లోపల జరిగేది స్థూలంగా ఇది. ప్రతి సిమ్‌కూ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ ఆ సంఖ్యను చందాదారుల రిజిస్టర్‌లో వెతికి, ఈ మనిషికి ఏయే సేవలకు అనుమతి ఉందో చూస్తుంది. ప్రీపెయిడ్ అయితే ఆన్‌లైన్ ఛార్జింగ్ వ్యవస్థ కూడా రంగంలోకి వస్తుంది. మీరు నెట్ తెరిచినప్పుడు మీ డేటా అంతా ఒక్కసారే ఇచ్చేయదు. కొంత వాటా విడుదల చేసి, అది అయ్యాక మిగులు చూసి మరికొంత ఇస్తుంది. వెళ్లే ప్రతి సైటుకూ, వాడే ప్రతి యాప్‌కూ వేరే పద్దు రాయడం కుదరని పని కాబట్టి, ఒకే రేటు పడే వాటిని ఒక గుంపుగా కట్టి దానికో నంబరిస్తారు. పరిశ్రమలో దాని పేరు రేటింగ్ గ్రూప్. కాల్స్, ఎస్సెమ్మెస్‌ల పద్దు మొదటినుంచీ వేరే. గుంపు కట్టడం బిల్లింగ్ సౌకర్యం కోసమే. ఏ గుంపు ఎంతకు, దేనితో కలిపి అమ్మాలన్నది మాత్రం ఇంజినీర్లు కాదు, టారిఫ్‌లు రాసేవాళ్లు తేలుస్తారు.

ఆ అధికారానికి హద్దు ఉండాలని మన దేశం ఒకసారి గట్టిగానే చెప్పింది. కొన్ని సైట్లను మాత్రం ఉచిత గుంపులో పెట్టి ‘ఫ్రీ బేసిక్స్’ అంటూ ఫేస్‌బుక్ ముందుకొచ్చినప్పుడు, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2016 ఫిబ్రవరి 8న తలుపు మూసింది. ఏ సమాచారం చూస్తున్నారన్నదాన్ని బట్టి డేటా ధర మార్చకూడదని నిబంధన తెచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చింది. డేటాకే డబ్బు, కాల్స్ ఉచితం అంది. అప్పటిదాకా పది రూపాయల టాప్‌అప్‌తో, సెకనుకు పైసా లెక్కన మాట్లాడుకున్న జనానికి అది పండగే. మిగతా కంపెనీలూ అదే బాట పట్టాయి. ‘ఉచితం’ అన్న మాట వెనుక ఒక మెలిక ఉందని తర్వాత గానీ తెలియలేదు. డేటా కొననివాడికి కాల్స్ విడిగా కొనే దారి క్రమంగా మూసుకుపోయింది.

2012 నాటి టెలికాం వినియోగదారుల రక్షణ నిబంధనల్లో రీఛార్జి వోచర్లకు రంగులుండేవి. ప్లాన్‌కు ఎరుపు, టాప్‌అప్‌కు ఆకుపచ్చ, ప్రత్యేక టారిఫ్‌కు పసుపు, అన్నీ కలిపిన కాంబోకు నీలం. చదువు రానివాళ్లు కూడా రంగు చూసి అడగగలిగేవారు. ఆన్‌లైన్ రీఛార్జిల కాలంలో రంగులతో పనేముందని 2024లో వాటిని ఎత్తేశారు. నిజానికి అంతకంటే ముందే బజారులో ఎర్ర, నీలం తేడా చెరిగిపోయింది. అంతా కాంబోనే.

ఇవాళ కంపెనీలు అసలు అమ్ముతున్నది డేటా కాదు, కాల్స్ కాదు. వ్యాలిడిటీ. 2018 చివర్లో కనీస రీఛార్జి పద్ధతి వచ్చినప్పటి నుంచి గడువు దాటితే వెళ్లే కాల్సే కాదు, కొద్ది రోజుల్లో వచ్చే కాల్స్ కూడా ఆగిపోతున్నాయి. కీప్యాడ్ ఫోన్ పట్టుకుని రీఛార్జి కొట్టుకు వచ్చే అవ్వనే చూడండి. ఆమె ఎవరికీ ఫోన్ చేయదు. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఆదివారం ఫోన్ చేస్తాడు, ఎత్తాలి. బ్యాంకు ఓటీపీ వస్తుంది, ఎవరితోనైనా చదివించుకోవాలి. ఈ రెండు పనులకే ఆమె 2 జీబీ ఇంటర్నెట్ కూడా కొంటుంది. అది ఆ ఫోన్‌లో తెరుచుకోనే తెరుచుకోదు. ఇడ్లీ అడిగితే ఫుల్ మీల్స్ టోకెన్ కోస్తామనే హోటల్ ఇది. 2024 జులైలో రేట్లు పెరిగినప్పుడు 28 రోజుల చిన్న ప్యాకు జియోలో రూ.155 నుంచి రూ.189కి, ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐడియాల్లో రూ.179 నుంచి రూ.199కి చేరింది. 28 రోజుల లెక్కలో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీఛార్జిలు.

దేశంలో ఫీచర్ ఫోన్లు వాడేవారు దాదాపు 15 కోట్ల మంది. వీళ్లను దృష్టిలో పెట్టుకునే ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధనలు సవరించింది. కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేక వోచర్ ప్రతి కంపెనీ కనీసం ఒకటి ఇవ్వాలంది. గడువు 365 రోజుల దాకా ఉండొచ్చంది. కంపెనీలు చేసిందేమిటి? ఎయిర్‌టెల్ 6 జీబీతో ఉన్న రూ.509 ప్యాకులోంచి డేటా తీసేసి రూ.499 అంది. అంటే 6 జీబీ విలువ పది రూపాయలు! అదే డేటా విడిగా కొనబోతే ఆ ధరకు ఎవరిస్తారు? విమర్శలు వచ్చాక రూ.469కి దిగింది. జియో 84 రోజులకు రూ.458 పెట్టి, తర్వాత రూ.448 చేసింది. 28 రోజుల వంతున చూస్తే సుమారు రూ.149. పాత చిన్న ప్యాకు మీద నలభై రూపాయల ఆదా ఉన్నమాట నిజమే. కానీ ఆ ఆదా కావాలంటే ఒక్కసారే రూ.448 తీయాలి. రోజుకూలీకి అది ఎలా సాధ్యం? సవరణ గడువుకు పైహద్దు పెట్టింది గానీ, తక్కువ గడువు వోచర్ కూడా ఉండాలని చెప్పలేదు. కంపెనీలు ఆ సందులోంచే దూరాయి.

కంపెనీల వాదనలోనూ కొంత నిజముంది. వాడినా వాడకున్నా ప్రతి నంబరును రిజిస్టర్‌లో నిలబెట్టడానికి, టవర్లు నడపడానికి ఖర్చవుతుంది. స్పెక్ట్రమ్ బాకీలూ ఉన్నాయి. అందుకే ఒక్కో చందాదారు నుంచి వచ్చే నెలసరి ఆదాయం మీద వాటి కన్ను. 2024 డిసెంబరు త్రైమాసికంలో అది ఎయిర్‌టెల్‌కు రూ.245, జియోకు రూ.203. మాట ఒక్కటే కొనేవాడు ఈ సగటును కిందికి లాగుతాడు. అయితే చవక ప్యాకు గిట్టదన్న మాట మాత్రం నమ్మేలా లేదు. 2023లో జియో తన భారత్ ఫోన్‌తో 28 రోజులకు రూ.123 ప్లాన్ తెచ్చింది, అందులో డేటా కూడా ఉంది. షరతు ఒక్కటే, ఆ ఫోన్‌లోనే వాడాలి. గిట్టుబాటు కానిదైతే ఆ ధరే పెట్టేవారు కాదు.

ధరలు నిర్ణయించే పని ట్రాయ్ సాధారణంగా చేయదు, చేయాలనీ ఈ వ్యాసం అడగడం లేదు. గడువు విషయంలో మాత్రం ఆ సంస్థకు దారి తెలుసు. 28 రోజుల గోల మీద ఫిర్యాదులు వచ్చినప్పుడు, 2022 జనవరిలో ప్రతి కంపెనీ కనీసం ఒక 30 రోజుల ప్లాన్ ఉంచాలని ఆదేశించింది. ఇప్పుడూ అలాంటి ఒక్క వాక్యం చాలు. మాట, ఎస్సెమ్మెస్‌ల వోచర్లలో కనీసం ఒకటి 30 రోజులదై ఉండాలి, ఏ ఫోన్‌లోనైనా పనిచేయాలి, యాప్‌లో అడుగున దాచకుండా మిగతా ప్యాకుల పక్కనే చూపించాలి. ట్రాయ్ ఆ సవరణ వెంటనే తేవాలి.