మన ఓడ మన చేత్తోనే కట్టుకోవాలె

పోయిన వారం మా రూము ఫొటో పెడితే చాలామంది నవ్విన్రు. బల్ల మీద ప్లాస్టిక్ ఇటుకలతో కట్టిన అంతరిక్ష ఓడ, దాని చుట్టూ ఆరుగురు మీసాలోళ్లు. "ముప్పై ఎనిమిదేండ్లకు బొమ్మలాటనా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగిండు. నాకు కోపం రాలేదు. కానీ జవాబు రెండు ముక్కల్లో అయ్యేది కాదు, అందుకే ఇంత పొడుగు రాస్తున్న.

ముందు ఆట సంగతి. దీన్ని రోల్‌ప్లే ఆట అంటరు. బల్ల చుట్టూ కూర్చొని ఒకరు పైలట్, ఒకరు ఇంజనీరు, ఒకరు డాక్టర్ అయితరు. ఒకరు కథ నడుపుతరు. నువ్వు ఏం చేస్తవో నోటితో చెప్తవు, అది అయిందా కాలేదా అన్నది పాచికలు చెప్తయి. మేం ఆడేది 'ట్రావెలర్'. 1977ల అమెరికాలో మార్క్ మిల్లర్ అనే ఆయన తయారు చేసిండు. మా సైటులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసే ఫిలిప్పీన్ తమ్ముడు ఆ పుస్తకం పట్టుకొచ్చిండు. లూడో పాచికలు రెండుంటే చాలు.

ఈ ఆటలో మనం రాజులం కాదు, వీరులం కాదు. పాత సరుకు ఓడ నడుపుకునేటోళ్లం. ఒక గ్రహంల సరుకెక్కించి ఇంకో గ్రహంల దించి కిరాయి తీసుకుంటం. ఎందుకంటే ఓడ మీద బ్యాంకు అప్పు ఉంటది. నెల తిరిగేసరికి కిస్తు కట్టాలె. ఇది విన్న రోజే మా రూమోళ్లందరికీ ఆట అర్థమైపోయింది. ఎవరికీ విడమర్చి చెప్పే పని పడలేదు.

ఇక నా మాట. ఈ ఆట ఆడేటోళ్లు ఓడను కాగితం మీద గీసి వదిలెయ్యొద్దు. డబ్బాలో వచ్చే సెట్టు కూడా కొనొద్దు. విడి ఇటుకలు తెచ్చుకొని రూమంతా కలిసి కట్టుకోవాలె.

డబ్బా ఎందుకు వద్దంటున్న? నేను షట్టరింగ్ కార్పెంటర్‌ని. పద్నాలుగేండ్ల నుంచి ఎవరో గీసిన డ్రాయింగ్ ప్రకారం ఎవరో ఉండే ఇండ్లకు చెక్క కొడుతున్న. సెలవు రోజు కూడా డబ్బాలోంచి ఇంకొకరి డ్రాయింగ్ తీసి, ఒకటో నంబరు, రెండో నంబరు అని పెట్టుకుంట కూర్చోవాలా? మన ఓడలో వంటిల్లు ఎక్కడుండాలె, ఎవరు ఎక్కడ పండుకోవాలె, అది మనమే అనుకోవాలె.

రెండోది భాష. మా రూములో ముగ్గురం తెలుగోళ్లం, ఇద్దరు నేపాలీలు, ఒక మలయాళీ. పుస్తకమేమో ఇంగ్లిష్. కాగితం మీద ఆడినన్నాళ్లు చదవొచ్చినోళ్లే మాట్లాడిన్రు, మిగిలినోళ్లు తలకాయ ఊపిన్రు. ఓడ బల్ల మీదికి వచ్చినంక నేపాలీ తమ్ముడు సరుకు గదిలో వేలు పెట్టి "ఇక్కడ దాక్కుంట" అని సైగ చేసిండు. ఆ రోజు ఆటంతా ఆయనదే.

ఎట్ల కట్టాలో చెప్తా, కష్టమేం కాదు. లెగో ఇటుక మీది బుడిపెల మధ్య దూరం 8 మిల్లీమీటర్లు. 1958ల చేసిన ఇటుక ఇప్పటి ఇటుకకు సరిగ్గా కూర్చుంటది, అందుకే సెకండ్ హ్యాండ్ సంచి కొన్నా ఫికర్ లేదు. 48 బుడిపెలు పొడుగు, 48 వెడల్పు ఉన్న పలక ఒకటి తీసుకోండి. ట్రావెలర్ పటంలో ఒక గడి అంటే మీటరున్నర. గడికి రెండు బుడిపెలు పొడుగు, రెండు వెడల్పు ఇస్తే పలక మీద 576 గడులు వస్తయి. మనుషుల బొమ్మలు కొనొద్దు, ఖరీదు. గుండ్రటి చిన్న ఇటుక, మనిషికొక రంగు. గోడలు ఒక్క ఇటుక ఎత్తుంటే చాలు, లోపల కనపడాలె. జాయింటు మీద జాయింటు పడనియ్యొద్దు, ఇది మన మేస్త్రీలకు చెప్పే పనే లేదు. పైకప్పు అంతటా నొక్కొద్దు, నాలుగు మూలల మీద కూర్చోబెట్టండి, ఆటలో ఎత్తి పక్కన పెట్టొచ్చు.

ఈ ఆటలో ఓడను టన్నుల్లో కొలుస్తరు, కానీ ఆ టన్ను బరువు కాదు, చోటు. ఒక టన్ను అంటే 14 ఘనపు మీటర్లు, పటం మీద రెండు గడులు. కాంక్రీటు లెక్క తెలిసినోళ్లకు ఇది చిటికెల పని. మేం కట్టింది 200 టన్నుల సరుకు ఓడ, 400 గడులు. ఒక మనిషి గదికి పుస్తకం 4 టన్నులు ఇస్తది, నడిచే దారి వాటాతో కలిపి. అంటే 56 ఘనపు మీటర్లు. ఆ లెక్క రాంగనే మలయాళీ అన్న టేపు తీసి మా రూము కొలిచిండు. 6 మీటర్లు, 4 మీటర్లు, ఎత్తు 2.7. మొత్తం 65 ఘనపు మీటర్లకు కొంచెం తక్కువ, ఆరుగురికి. ఎవరం ఏం అనలేదు. ఎనిమిది గడుల గది కట్టుకుంట పోయినం.

ఇంకోటి ఉంది. ఈ ఓడలో 20 చలి పెట్టెలుంటయి. పైసలు లేనోళ్లు అందులో గడ్డకట్టి పండుకొని ప్రయాణం చేస్తరు. పాత పుస్తకం ప్రకారం మంచి గదికి టికెట్ 10,000, పెట్టెకు 1,000. దిగేటప్పుడు పాచికలేస్తరు, రెండూ కలిపి 5 కన్నా తక్కువ పడితే ఆ మనిషి లేవడు. ఒక్కో పెట్టెకు ఒక్క గడి. నిజంగా ఇటుకలు పెట్టి చూస్తే పది మనుషుల గదులకు 80 గడులు, ఇరవై మంది పెట్టెలకు 20 గడులు. కాగితం మీద అది ఒక అంకె. చేత్తో పెట్టినంక మా ఓడలో ఆ పెట్టెలు ఉండాలా వద్దా అని గంటసేపు కొట్లాడినం. తీసేస్తే కిరాయి తగ్గుతది, కిస్తు ఆగుతది. ఉంచితే మనం కూడా ఏజెంట్లమే కదా అన్నడు చిన్నోడు. చివరికి పది ఉంచినం. ఇప్పటికీ ఆ ముచ్చట తెగలేదు.

చిన్నోడి సంగతి కూడా చెప్పాలె, ఆయన్ను అడిగే రాస్తున్న. ఆటలో ఓడ ధరలో 20 శాతం ముందు కట్టాలె. తర్వాత నెలకు ధరలో 240వ వంతు, 480 నెలలు. ఓడ 2 కోట్ల 40 లక్షలైతే ముందు 48 లక్షలు, తర్వాత నెలకు లక్ష, 40 ఏండ్లు. మొత్తం 5 కోట్ల 28 లక్షలు. ఇది వేసి చూపిస్తుంటే చిన్నోడు "నాది కూడా వెయ్యరాదే అన్నా" అన్నడు. వీసాకు లక్షన్నర తెచ్చిండు, మూడు రూపాయల మిత్తికి. నెలకు 5,000 కడుతున్నడు. 500కు ఒక ఇటుక లెక్కన పది ఇటుకలు పెట్టినం, మిత్తికి ఎర్రవి, అసలుకు తెల్లవి. తొమ్మిది ఎర్రవి వచ్చినయి, ఒక్కటే తెల్లది. ఏడాదిగా కడుతున్న, సగం తీరిపోయి ఉంటది అనుకున్నడట. ఆ రాత్రే ఇంటికి ఫోన్ చేసిండు. అమ్మ బంగారం బ్యాంకుల పెట్టి మూడు రూపాయల అప్పు తీర్చేసిన్రు. బ్యాంకు అప్పు ఇంకా ఉంది. ఆట అప్పు తీర్చిందని నేను అనను. లెక్కను బల్ల మీదికి తెచ్చింది, అంతే.

ఇక పైసలు వృథా అనేటోళ్లకు. మా సంచి 60 దిర్హాములు, మనిషికి 10. కొన్నది ఒక్కసారే. జాగా లేదంటరా, ఓడ కింది మంచం కింద పడుతది. మా రూములో పెద్దన్న మొదట్ల తిట్టిండు, ఇప్పటికీ ఆడడు. కానీ ఈ ఆటలో ఓడ ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకితే వారం రోజులు ఎవరితో మాట ఉండదు, కబురు కూడా ఓడతోనే పోతది అని విని, "మేం వచ్చిన కొత్తల క్యాసెట్ల మాటలు నింపి ఊరికి పోయేటోని చేతికిచ్చేటోళ్లం" అన్నడు. ఆ తర్వాత ఓడలో ఒక మూలకు ఆయనే చిన్న నల్ల ఇటుక పెట్టిండు. క్యాసెట్ల డబ్బా అట.

నవ్విన తమ్ముడూ, సెలవు రోజు మా క్యాంపుకు రా. పైలట్ జాగా ఖాళీగనే ఉంది. రెండు పాచికలు తెచ్చుకో, మావాటిలో ఒకటి మంచం సందుల పడిపోయింది.